ప్లాటు కొనేముందు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

హైదరాబాదు శివార్లలో 200 గజాల ప్లాటు చూశావనీ, ఆదివారం టోకెన్ అడ్వాన్సు ఇవ్వబోతున్నావనీ అన్నయ్య చెప్పాడు. ఒక్క పదిరోజులు ఆపు నాయనా. "ఇవాళ కట్టకపోతే రేపటికి ఉండదు" అని ప్రతి మధ్యవర్తీ అంటాడు. పోతే పోనీ, ఇంకోటి దొరుకుతుంది.

ముందు జిరాక్సులు తెప్పించుకో: అమ్మేవాడి సేల్ డీడు, అంతకుముందు చేతులు మారిన వెనకటి లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ ప్లాను, నాలా ఉత్తర్వు (సాగుభూమిని వ్యవసాయేతర భూమిగా మార్చిన అనుమతి). లింకు ఎక్కడా తెగకూడదు. మధ్యలో సేల్ డీడు లేకుండా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీదే చేతులు మారి ఉంటే అక్కడితో వదిలెయ్. జీపీఏతో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. పెద్దల నుంచి వచ్చిన భూమైతే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని ఆడపిల్లల సంతకాలున్నాయా చూడు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురికీ కొడుకుతో సమాన వాటా. ఆ ఒక్క సంతకం లేకే ఎన్నో ప్లాట్లు కోర్టుల్లో నలుగుతున్నాయి.

ఈసీ, అంటే ఆ ప్లాటు మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, రెండు రకాలుగా తియ్యి. డాక్యుమెంటు నంబరుతో ఒకసారి, సర్వే నంబరు, ప్లాటు నంబరుతో ఇంకోసారి, కనీసం 30 ఏళ్లకు. మొదటిదొక్కటే తీస్తే అదే ప్లాటు మరొకరికీ రిజిస్టరైన సంగతి తప్పిపోవచ్చు. ఈసీ శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండకు. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, వీలునామాలు అందులోకి ఎక్కవు. కాగితాలన్నీ సివిల్ లాయరుకు చూపించి, అభ్యంతరాలుంటే చెప్పమని పేపర్లో ప్రకటన వేయించు.

సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టిక) ఉందేమో, పక్కన చెరువు ఉంటే దాని నిండు నీటిమట్టం హద్దు, అంటే ఎఫ్‌టీఎల్ ఎక్కడిదాకా వచ్చిందో చూడు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు కట్టడాలు కట్టకూడని బఫరే. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ క్రమబద్ధీకరణ రుసుము) కట్టామంటారు. అది లేఅవుట్ లోపాన్ని సరిచేస్తుందే తప్ప యాజమాన్యం ఇవ్వదు.

ఇక టేపు పట్టుకుని స్థలానికి వెళ్లు. 36 బై 50 ప్లాటంటే సరిగ్గా 200 గజాలు. నాలుగు పక్కలూ కొలిచి ఊరుకోకు, మూల నుంచి మూలకు రెండువైపులా టేపు లాగు. రెండూ 61 అడుగుల 7 అంగుళాల దగ్గర తేలాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే ప్లాటు వంకర పోయినట్టే. పక్కలు కొలతకు సరిపోయినా విస్తీర్ణం తగ్గుతుంది. డీడులో రాసిన నాలుగు హద్దులూ, ప్లానులో పక్క ప్లాట్ల నంబర్లూ, అక్కడున్న హద్దురాళ్లూ ఒకదానితో ఒకటి కలవాలి.

కొత్త వెంచరైతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడుగు. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదు. టోకెన్ చెక్కుగానే ఇచ్చి, "లీగల్ ఒపీనియన్ సరిగా రాకపోతే వాపసు" అని రాయించుకో. రిజిస్ట్రేషన్‌కు దాదాపు 7.5 శాతం, అంటే 40 లక్షలకు 3 లక్షలు, విడిగా ఉంచు. ధర 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవాడికిచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ (పన్ను) పట్టి కట్టాల్సింది కొనేవాడివి నువ్వే. సగం నగదు ఇమ్మంటే ఒప్పుకోకు. రేపు నువ్వు అమ్మేటప్పుడు ఆ నగదు నీ కొనుగోలు ధరలో లెక్కకు రాదు, పన్ను నీ నెత్తిన పడుతుంది.

రిజిస్ట్రేషన్ అయిన వారంలోపే కడీలు పాతించి కంచె వేయించు. ఏడాదికోసారి ఈసీ తీసి చూసుకుంటూ ఉండు. జిరాక్సులు అందగానే నాకో సెట్టు పంపు, లింకు నేనూ చదువుతాను.

మీ బాబాయి