చలికి మాడిన పాత మొక్కల కంచెను పీకేయాలా, ఆగాలా?

ఇంటి ముందు ఇరవై ఏళ్ల నాటి హెడ్జ్ ఈ చలికాలానికి ఎండిపోయింది, మళ్లీ చిగురిస్తుందని ఆశ పెట్టుకోవచ్చా అని అడిగారు. పెట్టుకోండి. జూన్ దాకా రంపం మాత్రం ముట్టుకోకండి.

మాది డాలస్ దగ్గర. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మంచు తుఫాను పేరు యూరి. కరెంటు లేక, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని కూర్చున్న మేం దాన్ని ఉరి అనే పిలిచాం. 16వ తేదీన ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 2 ఫారన్‌హీట్, మన లెక్కలో మైనస్ 19. 1949 తర్వాత ఇక్కడ అంత చలి లేదు. కరివేపాకు కుండీనైతే గరాజ్‌లోంచి హాల్లోకి, హాల్లోంచి బెడ్‌రూంలోకి మోశాం. వీధి వైపు గోడలా పెరిగిన గన్నేరు వరుసను ఎక్కడికని మోస్తాం?

రెండు వారాల్లో ఆకులన్నీ బ్యారన్‌లోంచి తీసిన పొగాకులా అయ్యాయి. ఇక మార్చి అంతా ఎవరో ఒకరు ట్రక్కులో వచ్చి తలుపు కొట్టడమే, "పీకేసి కొత్తవి పెడతాం" అని. ఎదురింటాయన ఒప్పేసుకున్నాడు. ఎండిన మొక్కలు తీసేయమని కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం కూడా వచ్చింది. చెత్తడబ్బా ఒక పూట ఎక్కువ బయట ఉంటే ఫొటో తీసి పంపే ఈ మహానుభావులు, కరెంటు పోయినప్పుడు ఒక్కరూ పలకలేదు లెండి.

ఒక ఆదివారం టెన్షన్ ఆగక గోటితో బెరడు గీరడం మొదలుపెట్టాను. పై కొమ్మ ఉల్లిపొరలా లేచింది, లోపల ఎండుకట్టె. నడుం ఎత్తులో అదే. మోకాలి దగ్గరా అదే. చివరికి నేల మీద పడుకున్నంత పని చేసి, మొదలు దగ్గర బెత్తెడు ఎత్తున గీరితే లేత పెసర రంగు, అంటే ప్రాణం ఉన్నట్టే! వేలికి కాస్త బంక కూడా అంటింది. అప్పటికప్పుడు తెనాలికి వీడియో కాల్ చేసి అమ్మకు చూపించాను. "ముందు చేతులు కడుక్కోరా, అది గన్నేరు" అని ఫోన్ పెట్టేసింది.

మదర్స్ డే నాటికి మొదళ్ల చుట్టూ అగ్గిపుల్లల్లా చిగుళ్లు లేచాయి. పద్నాలుగింటిలో పదకొండు బతికాయి. జూన్‌లో ఎండు కొమ్మలు కోసి పారేశాను. తగలబెట్టలేదు, ఆ పొగ కూడా విషమే.

మీది ఏ మొక్కో రాయలేదు. ఇండియన్ హాథార్న్ అయితే ఆశ తక్కువే. పేరులో ఇండియన్ ఉన్నందుకో ఏమో, మా వీధిలో చలికి ముందు పోయింది అదే. లిగస్ట్రమ్ అయితే కొమ్మల మీదే చిగురు చూపిస్తుంది, తొందరపడి నేల దాకా నరక్కండి. ఏదైనా సరే, పాతదైతే వేరు లోతుగా ఉంటుంది, నా నమ్మకమంతా దాని మీదే. ఇంకోటి, జాలిపడి ఎరువు కుమ్మరించకండి. జ్వరంతో పడుకున్నవాడికి బిర్యానీ పెట్టినట్టు ఉంటుంది.

ఎదురింటాయన కొత్త మొక్కలు 2022 డిసెంబరు చలికి పోయాయి. మావీ మళ్లీ మాడాయి, మళ్లీ లేచాయి. మొన్న వేసవిలో ఆయనే వచ్చి, నాటుకోవడానికి నాలుగు గన్నేరు కొమ్మలు ఇమ్మన్నాడు. చేతులు కడుక్కోమని చెప్పి ఇచ్చాను.