పదేళ్ల రోలెక్స్‌కి రూ.82 వేల సర్వీసింగ్: ఇప్పుడే చేయించాలా, ఆగొచ్చా?

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాద్‌లో ఉద్యోగం. చేతికొచ్చే జీతం నెలకు రూ.1.65 లక్షలు, ఇంటి రుణం ఈఎంఐ రూ.48,000. 2016లో కొన్న రోలెక్స్ డేట్‌జస్ట్ 36 (పూర్తి స్టీలు), 2018లో కొన్న ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్ ఉన్నాయి. రెండింటికీ ఇంతవరకు సర్వీసింగ్ చేయించలేదు. రోజూ పెట్టుకునే డేట్‌జస్ట్ ఈమధ్య రోజుకు 11 సెకన్లు లేటు నడుస్తోంది. శనివారం రాత్రి తీసి పెడితే సోమవారం ఉదయానికి ఆగిపోయి ఉంటోంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో డేట్‌జస్ట్‌కి రూ.70,000, స్పీడ్‌మాస్టర్‌కి రూ.85,000, పైన జీఎస్టీ అన్నారు. బయట ఒకాయన రెండూ కలిపి రూ.22,000కి చేస్తానంటున్నారు. ఐదేళ్లకోసారి చేయించాల్సిందేనా? క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకోనా? లేక అమ్మేసి మ్యూచువల్ ఫండ్లలో పెట్టడం మేలా? మా నాన్నగారి హెచ్ఎంటీ జనతా కూడా ఆగిపోయి ఉంది. దాన్నేం చేయాలి? – ఓ పాఠకుడు

జవాబు: డేట్‌జస్ట్‌కి సర్వీసింగ్ అవసరం పడినట్టే కనిపిస్తోంది. కానీ రూ.82,600 కట్టే ముందు, పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఇంట్లోనే చేయండి. స్పీడ్‌మాస్టర్‌ని ఇప్పుడే విప్పించొద్దు. క్రెడిట్ కార్డు అసలే వద్దు.

‘ఐదేళ్లకోసారి’ అన్నది పాతకాలం లెక్క. ఇప్పుడు వాడే సింథటిక్ ఆయిళ్లు త్వరగా చిక్కబడవు. రోలెక్స్ తన వాచీలకు సుమారు పదేళ్లని చెబుతోంది, మోడల్‌నీ వాడకాన్నీ బట్టి కొంత అటూఇటూ. ఒమేగా ఐదు నుంచి ఎనిమిదేళ్లంటోంది. ఇవన్నీ సగటు వాడకాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. అందుకే విప్పదీసే తేదీని వాచీ పరిస్థితిని కొలిచి నిర్ణయించుకోవాలి. దానికయ్యే డబ్బు మాత్రం క్యాలెండర్ ప్రకారం నెలనెలా పక్కన పడుతుండాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. తేదీ చూసి వాచీ ఇస్తారు, బిల్లు చూశాక డబ్బు వెతుక్కుంటారు.

మీ డేట్‌జస్ట్‌లో ఉన్నది 3135 యంత్రం. సెకనుకు 8 సార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకు 6.91 లక్షల సార్లు, ఏడాదికి 25 కోట్ల పైమాటే. లోపలి చక్రాల ఇరుసు కొనలు చిన్న కెంపు రాళ్ల రంధ్రాల్లో తిరుగుతాయి. ఒక్కో రంధ్రంలో సూది మొనతో పెట్టినంత ఆయిల్ ఉంటుంది. అటూఇటూ ఊగుతూ టైమ్‌ని నడిపే బ్యాలెన్స్ చక్రానికి పలచటి ఆయిల్, కీ ఇస్తే చుట్టుకునే మెయిన్ స్ప్రింగ్ దగ్గర చిక్కటి గ్రీజు, మధ్యలోని చక్రాలకు మరో రకం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఆయిల్ ఆరిపోవడమో, ఉండాల్సిన చోటు నుంచి పక్కకు జారిపోవడమో జరుగుతుంది. అప్పుడు కెంపు మీద ఉక్కు రాపిడి మొదలవుతుంది. అరిగిన ఉక్కు పొడి మిగిలిన ఆయిల్‌లో కలిసి నల్లటి ముద్దవుతుంది. ఇక ఆ ముద్దే ఇరుసును గరగరా తినేస్తుంది. ఆయిల్ మార్చకుండా తోలిన బండిలాగే ఇదీ నడుస్తూనే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. ‘నడుస్తోందిగా’ అన్న ధీమాతోనే బిల్లు పెరుగుతుంది. ఆయిల్‌తో పోయేది కాస్తా చక్రాలు, ఇరుసులు మార్చేదాకా వస్తుంది.

ఈ 3135 యంత్రంలో ప్రత్యేకంగా చూడాల్సింది ఆటోమేటిక్ బరువు పళ్లెం, అంటే రోటర్. కొత్త డేట్‌జస్ట్‌లలో వాడే 3235 యంత్రంలో అది బాల్ బేరింగ్ మీద తిరుగుతుంది. మీ దాంట్లో సన్నటి ఇరుసు మీద తిరుగుతుంది. అక్కడ ఆయిల్ ఆరితే ఇరుసు అరిగి, పళ్లెం ఒరిగి, చక్రాలను పట్టి ఉంచే కింది లోహపు పలకలను గీస్తుంది. వాచీని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపి చూడండి. గరగరమనో లోహం తగిలినట్టో శబ్దం వస్తే ఆ రోజు నుంచే పెట్టుకోవడం ఆపేయండి. మూత తీసినప్పుడు దాని లోపలి వైపు రోటర్ అంచు గీసిన గుండ్రటి గీతలు గానీ, సన్నటి లోహపు పొడి గానీ ఉన్నాయేమో చూపించమనండి.

ఇక ఇంట్లో చేసే పరీక్ష. క్రౌన్ (పక్కన ఉండే, కీ ఇచ్చే గుండీ) మర విప్పి, బయటకు లాగకుండా, 40 చుట్లు కీ ఇవ్వండి. ఆటోమేటిక్ కాబట్టి ఎక్కువైనా స్ప్రింగు తెగదు, లోపల జారేలా ఏర్పాటుంటుంది. క్రౌన్ మళ్లీ బిగించి, డయల్ పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, కదపకుండా ఎన్ని గంటలు నడుస్తుందో చూడండి. ఈ యంత్రానికి సుమారు 48 గంటలు రావాలి. 45 దాటితే స్ప్రింగు బాగానే ఉంది. రోజంతా కుర్చీలో కూర్చునే పనిలో చెయ్యి కదలక కీ నిండట్లేదని అర్థం. వారానికి రెండుసార్లు చేత్తో కీ ఇస్తే ఆదివారం సమస్య తీరిపోతుంది. నిండా కీ ఇచ్చాక కూడా 40 గంటల లోపే ఆగిందా, లోపల రాపిడి పెరిగినట్టే.

తర్వాత టైమ్‌గ్రాఫర్ మీద పెట్టించండి. వాచీ శబ్దం విని లెక్క చెప్పే చిన్న యంత్రమది, పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. రోజుకు ఎన్ని సెకన్ల తేడా అన్నది అందరూ చూస్తారు. మీరు చూడాల్సింది ఆంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందన్నది. నిండా కీ ఉండి, డయల్ పైకి పెట్టినప్పుడు 270 నుంచి 310 మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. నిలబెట్టినప్పుడు 20–40 డిగ్రీలు తగ్గడం మామూలే. 24 గంటలు నడిచాక కొలిస్తే 200 దగ్గరికి పడిపోయిందంటే సర్వీసింగ్ వాయిదా వేయకూడదు. టైమ్‌గ్రాఫర్‌లో డేట్‌జస్ట్‌కి లిఫ్ట్ యాంగిల్ (వాచీ యంత్రాన్ని బట్టి ముందే పెట్టాల్సిన కోణం) 52 అని పెట్టారో లేదో అడగండి. అది తప్పుగా ఉంటే అంకెలన్నీ తప్పే. రోజుకు నిమిషాల లెక్కన ఫాస్టు నడిస్తే అది సాధారణంగా అయస్కాంతం పని. డీమాగ్నెటైజర్ మీద క్షణాల్లో పోతుంది, దానికి సర్వీసింగ్ అక్కర్లేదు. మీది లేటు నడుస్తోంది, త్వరగా ఆగుతోంది. రెండూ కలిసి చూస్తే ఆయిల్ మీదికే అనుమానం పోతుంది.

నీటి సంగతి వేరు, దానికి పదేళ్ల లెక్క వర్తించదు. డేట్‌జస్ట్‌కి 100 మీటర్లని రాసి ఉన్నా, ఆ మాట క్రౌన్‌లోనూ మూత కిందా ఉన్న రబ్బరు వాషర్లు మెత్తగా ఉన్నంతవరకే. చెమట, సబ్బు, గీజరు వేడినీళ్లు వాటిని గట్టిపరుస్తాయి. ఏడాదికోసారి ప్రెజర్ టెస్ట్ చేయించండి, వాచీ విప్పక్కర్లేదు. అద్దం లోపల ఆవిరి పడితే బియ్యం డబ్బాలో దాచకండి. అదే రోజు రిపేరు బల్ల మీదికి చేర్చండి. తుప్పు వారాల వ్యవధి ఇవ్వదు. డయల్, ముళ్లు కూడా పాడైతే సర్వీసింగ్ ఎస్టిమేట్ కంటే విడిభాగాల బిల్లే పెద్దదవుతుంది.

స్పీడ్‌మాస్టర్ 2018ది కాబట్టి అందులో సాధారణంగా 1861 యంత్రం ఉంటుంది. చేత్తో కీ ఇచ్చేది, గంటకు 21,600 సార్లు కొట్టుకునేది. కీ ఇస్తున్నప్పుడు గట్టిగా తగలగానే ఆపేయాలి, డేట్‌జస్ట్‌లా జారే ఏర్పాటు ఇందులో లేదు. టైమ్ సరిగ్గా ఉండి, 48 గంటలకు దగ్గరగా నడుస్తూ, స్టాప్‌వాచ్ మీట నొక్కినప్పుడు ముల్లు ఎగరకుండా కదిలి, సున్నాకి నిక్కచ్చిగా తిరిగొస్తుంటే మరో రెండు మూడేళ్లు ఆగొచ్చు. ఏటా టైమ్‌గ్రాఫర్ అంకెలు రాసిపెట్టుకోండి. ఆంప్లిట్యూడ్ ఏడాదికేడాది జారుతుంటే అదే మీకు నోటీసు. 50 మీటర్ల వాచీ కదా అని నీళ్లలో మీటలు మాత్రం నొక్కకండి.

రూ.22,000 మాట కొస్తే, బయట చేసేవాళ్లంతా మోసగాళ్లు కారు. మంచి చేయి ఉన్న పనివాడు స్పీడ్‌మాస్టర్ యంత్రాన్ని చక్కగా చేయగలడు, దశాబ్దాలుగా తెలిసిన నిర్మాణమది. డేట్‌జస్ట్‌తో చిక్కు ఎక్కువ. రోలెక్స్ విడిభాగాలను బయటి దుకాణాలకు మామూలుగా అమ్మదు. అరిగిన భాగం బయటపడితే ఆయన వేసేది నకిలీదో, వేరే వాచీ నుంచి తీసిందో కావొచ్చు. అలాంటి భాగం ఉన్న వాచీని రేపు కంపెనీ సెంటర్‌కి తీసుకెళితే ముందు దాన్ని మార్చాలంటారు, ఆ ఖర్చూ మీదే. అయినా బయటే ఇవ్వాలనుకుంటే నాలుగు సంగతులు అడగండి: యంత్రాన్ని పూర్తిగా విప్పి తీసిన ఫొటో, పనికి ముందూ తర్వాతా వాచీని ఆరు రకాలుగా తిప్పి పెట్టి తీసిన టైమ్‌గ్రాఫర్ అంకెలు, ప్రెజర్ టెస్ట్ ఫలితం, మెయిన్ స్ప్రింగు, వాషర్లు కొత్తవి వేశారా అన్నది. వీటికి తడబడే చోట జరిగేది సర్వీసింగ్ కాదు. మూత తీసి పైపైన ఆయిల్ చుక్కలు వేయడమే. ఆ ఆయిల్ పాత నల్లముద్దలో కలిసి అరుగుదలను పెంచుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. డేట్‌జస్ట్‌కి రూ.70,000 మీద 18 శాతం జీఎస్టీతో రూ.82,600. పదేళ్లకు పంచితే ఏడాదికి రూ.8,260, ఏడేళ్లకైతే రూ.11,800. కానీ రేట్లు అక్కడే ఆగవు. ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే ఏడేళ్ల తర్వాతి బిల్లు దాదాపు రూ.1.24 లక్షలు. మీరు 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నారనుకుంటే, 6.5 శాతం రికరింగ్ డిపాజిట్ మీద పన్ను పోగా చేతికి మిగిలేది 4.5 శాతం దాకా. ఆ లెక్కన ఇప్పట్నుంచి నెలకు రూ.1,300 వేస్తే 84 నెలలకు సరిపోతుంది. వాచీ పదేళ్లు లాగినా నష్టం లేదు, మిగిలినది విడిభాగాలకు పనికొస్తుంది. స్పీడ్‌మాస్టర్‌కి జీఎస్టీతో రూ.1,00,300. మూడేళ్లలో అది సుమారు రూ.1.19 లక్షలు కావొచ్చు, నెలకు రూ.3,100 పడుతుంది. రెండూ కలిపి రూ.4,400, అంటే మీ జీతంలో 2.7 శాతం లోపే. ఈ డబ్బుని ఈక్విటీ ఫండ్‌లో పెట్టకండి. మార్కెట్ పడిన నెలలోనే వాచీ ఆగదన్న హామీ ఏమీ లేదు. ఆర్‌డీ గానీ లిక్విడ్ ఫండ్ గానీ చాలు. దీన్ని అత్యవసర నిధితో కలపొద్దు.

ఇప్పటి రూ.82,600 చేతిలో లేకపోతే? నాలుగైదు నెలల్లో కూడబెట్టండి. అంతవరకు డేట్‌జస్ట్‌ని తీసి బీరువాలో పెట్టండి. ఆగి ఉన్న వాచీలో రాపిడి ఉండదు కాబట్టి ఈ ఆలస్యం వల్ల పెరిగే ఖర్చేమీ లేదు. క్రెడిట్ కార్డు బాకీ మోస్తే నెలకు 3 శాతానికి అటూఇటూ వడ్డీ. ‘నో కాస్ట్’ ఈఎంఐలో కూడా ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ తప్పించుకోలేరు. ఆవిరి పట్టిన వాచీ ఒక్కటే ఆగలేనిది. ఆ పరిస్థితి వస్తే అత్యవసర నిధిని ముట్టుకున్నా తప్పు పట్టను.

అమ్మే ఆలోచన ఉంటే మాత్రం సర్వీసింగ్ చేయించకుండానే అమ్మండి. కొనే డీలరుకు సొంత పనివాళ్లుంటారు, మీరు పెట్టిన రూ.82 వేలు ధరలో పూర్తిగా తిరిగిరావు. అయితే పెట్టుబడి పేరుతో వాచీని ఉంచుకోవడం, అదే పేరుతో అమ్మడం రెండూ నాకు నచ్చవు. 2022 మొదట్లో సెకండ్‌హ్యాండ్ ధరలు ఎంత ఎగిరాయో, తర్వాత ఎంత దిగాయో కొన్నవాళ్లకు తెలుసు. పెట్టుకోవాలనిపిస్తే ఉంచుకోండి, మీ ఆస్తుల జాబితాలో దాని విలువ సున్నా అని రాసుకోండి. సొంతంగా వాడుకునే స్టీలు వాచీ అమ్మితే సాధారణంగా మూలధన లాభాల పన్ను పడదు. బంగారం, వజ్రాలు ఉన్న మోడల్ నగల కిందికి రావొచ్చు కాబట్టి అప్పుడు ఆడిటర్‌ని అడగాలి. ఇవి అమ్మి రూ.10 లక్షలు దాటిన వాచీ కొంటే, 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తున్నారు. రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు.

సెంటర్‌లో వాచీ ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద సీరియల్ నంబరు, ఉన్న గీతలు, చైను లింకుల సంఖ్య రాయించండి. అదనపు భాగాలేవైనా మీరు లిఖితపూర్వకంగా ఒప్పుకున్నాకే మార్చాలని చెప్పండి. పాలిష్ వద్దనుకుంటే ‘పాలిష్ చేయొద్దు’ అని అదే కార్డు మీద ఉండాలి. అడక్కపోతే చేసేస్తారు. ప్రతి పాలిష్‌తోనూ కేసు అంచులు కొంత కరిగిపోతాయి. రోలెక్స్ సర్వీసింగ్‌కి రెండేళ్ల గ్యారంటీ ఇస్తుంది, ఆ కార్డును కొన్న బిల్లుతో కలిపి దాచండి. ఇంటి బీమా ఉంటే వాచీలు విడిగా పేరుపెట్టి చేర్చారో లేదో చూసుకోండి, లేకపోతే మామూలు పాలసీ వాటికి పనికిరాకపోవచ్చు.

నాన్నగారి జనతా ఆగిందంటే చాలావరకు ఆయిల్ ఎండిపోయి ఉంటుంది. బలవంతంగా కీ ఇవ్వకండి. దానికి స్విస్ సర్వీస్ సెంటర్ అక్కర్లేదు, ఊళ్లో హెచ్ఎంటీలు విప్పిన చేయి ఉన్న పెద్దాయన చాలు. హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. అందుకే భాగాలు పాత స్టాకు నుంచో, పాడైన వాచీల నుంచో వస్తాయి. అది తప్పేమీ కాదు. డయల్‌కి మాత్రం కొత్త రంగు వేయనివ్వకండి. నాన్నగారు చూసిన డయల్ అలాగే ఉండాలనుకుంటే ముందే చెప్పాలి, ఎందుకంటే చాలా దుకాణాల్లో అదే మొదట మార్చేస్తారు. దీని ఖర్చు నెలవారీ జేబుఖర్చులోంచే సరిపోతుంది, పై రూ.4,400 లెక్కలో కలపక్కర్లేదు.