తమ్ముడి నొప్పి డాక్టరుకి ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. మేధో వైకల్యం ఉంది, మాటలు తక్కువ. మూడు వారాలుగా తల బాదుకుంటున్నాడు, రాత్రిళ్లు నిద్రపోవట్లేదు. డాక్టరు వాడి మీద చెయ్యి కూడా వేయకుండా "ఇలాంటివాళ్లలో ఇది మామూలే" అని మందు రాసిచ్చారు. ఎదురు చెప్పడం చేతకాక వచ్చేశాను. ఎలా మాట్లాడాలి మేడం?

జవాబు: నేనూ అలా చాలాసార్లు వచ్చేసినదాన్నేనమ్మా. మా అబ్బాయి చెంప మీద కొట్టుకుంటుంటే అందరూ మొండితనం అన్నారు, నేనూ నమ్మాను. రెండు నెలల తర్వాత చూస్తే దవడ పన్ను లోపలిదాకా పుచ్చిపోయింది. ప్రతి బాధనీ వైకల్యం ఖాతాలో వేసెయ్యడాన్ని 'డయాగ్నొస్టిక్ ఓవర్‌షాడోయింగ్' అంటారు. 1982లోనే పేరు పెట్టారు. పేరైతే పెట్టారుగానీ జబ్బు తగ్గలేదు (ఆ జబ్బు డాక్టర్లది).

మీరు గొంతు పెంచక్కర్లేదు. ఏం మారిందో చెప్పండి చాలు. "తల బాదుకుంటున్నాడు" అంటే అలవాటులా వినిపిస్తుంది. "నెల కిందట ఇది లేదు, పడుకుంటే ఎక్కువవుతోంది, తిండి తగ్గింది" అంటే డాక్టరు పెన్ను ఆగుతుంది. ఇవి తేదీలతో రాసుకోండి, ఫోన్‌లో వీడియో తీసుకెళ్లండి. టెన్షన్‌లో మాట రాకపోతే కాగితం చేతికివ్వండి. ఆపైన ఒక్కటే అడగండి: "వైకల్యం లేని మనిషి ఇదే బాధతో వస్తే ఏమేం చూస్తారు?" చెవులు, పళ్లు, మలబద్ధకం, ఛాతీలో మంట చూడాల్సిందే. డౌన్ సిండ్రోమ్ అయితే థైరాయిడ్, వినికిడి కూడా. రాసిన మందు దేనికో, ఎన్నాళ్లో కనుక్కోండి. మీ అంతట మీరు ఆపకండి.

తమ్ముడికీ నేర్పాలి. మనిషి బొమ్మ గీసి, బాగున్న రోజుల్లోనే "నొప్పి ఎక్కడ?" అని వేలు పెట్టించండి. మావాడు మొదట్లో ఎప్పుడూ బొడ్డు మీదే పెట్టి నవ్వేవాడు, నాలుగు నెలలు పట్టింది. డాక్టరు మీవైపే చూస్తుంటే "వాడినే అడగండి, నేను సాయం చేస్తా" అనండి. వైద్యం ఆ వ్యక్తి సమ్మతితోనే జరగాలని వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 25వ అధికరణం చెబుతోంది.

ఈ వారం మాత్రం బొమ్మ కోసం ఆగొద్దు. ముందు చెవులూ పళ్లూ చూపించండి. వాంతులైనా, మత్తుగా ఉన్నా అపాయింట్‌మెంట్ దాకా కూడా ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.