నీళ్లు ఆగకపోతే బోర్డు మార్చేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఆరేళ్ల కిందట కొన్న టాప్ లోడ్ వాషింగ్ మెషిన్, 7 కిలోలది. రెండు వారాలుగా దానికి పిచ్చి పట్టినట్టుంది. ఒకరోజు నీళ్లు ఆగకుండా పట్టేసి బాత్రూమ్ అంతా పారించింది, ఇంకోరోజు బట్టలు సగం ఉతికి మధ్యలో మళ్లీ నీళ్లు పట్టుకుంది, మొన్న పీఈ అని చూపించి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, కనీసం వెనక రేకు కూడా విప్పకుండా, "బోర్డు పోయిందమ్మా, ఆరు వేలు అవుతుంది" అన్నాడు. మాది బోరు నీళ్లు. బోర్డు మార్పించమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే వద్దు. రేకు విప్పకుండా బోర్డు (మెషిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) పోయిందని చెప్పినాయన మాట కాసేపు పక్కన పెట్టండి. పీఈ అని చూపించిందంటే నీటి మట్టం చెప్పే సెన్సర్ నుంచి పొంతన లేని లెక్క వస్తోందని అర్థం. అలాగని సెన్సరే పోయిందనుకోకండి, చాలాసార్లు అది నిర్దోషి.

ఈ సెన్సర్ నీళ్లను తాకదు. టబ్ అడుగున పక్కగా చిన్న గాలి గది ఉంటుంది, దాని నుంచి సన్నటి ట్యూబ్ ఒకటి పైకి, బటన్ల ప్యానెల్ వెనక ఉన్న సెన్సర్ దాకా వెళ్తుంది. టబ్‌లో నీళ్లు పెరిగేకొద్దీ ఆ గదిలో చిక్కుకున్న గాలి నొక్కుకుపోయి సెన్సర్ లోపలి పల్చటి పొరను నెడుతుంది, ఎంత నెట్టిందో చూసి బోర్డు నీళ్లు ఎంత ఉన్నాయో లెక్కగడుతుంది. అడుగు ఎత్తు నీళ్ల ఒత్తిడి ఎంతనుకున్నారు? మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో దాదాపు 3 శాతం, అంతే. అందుకే ట్యూబ్‌లో సూదిమొనంత రంధ్రం పడినా గాలి మెల్లగా జారిపోయి, నీళ్లు తగ్గిపోయాయనుకుని మెషిన్ మళ్లీ పట్టేస్తుంది. మీరు చెప్పిన "ఉతుకుతూ మధ్యలో పట్టుకోవడం" అచ్చం ఇదే.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. నీళ్లు పడుతుండగా స్విచ్ బోర్డు దగ్గర పవర్ ఆపేయండి (తడి చేతులతో మాత్రం వద్దు). అయినా నీళ్లు పడుతూనే ఉంటే, నీళ్లను లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్‌లో ఇసుకో చెత్తో ఇరుక్కుని అది మూసుకోవడం లేదు, సెన్సర్‌కూ దానికీ సంబంధం లేదు. వెంటనే ఆగిపోతే వాల్వ్ బాగానే ఉంది, ట్యూబ్ మీద అనుమానపడండి.

ఇక ప్లగ్ పూర్తిగా పీకేసి, టబ్ ఖాళీ చేసి, వెనక రేకు విప్పించి ట్యూబ్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి చూడండి. ఎలుకలు కొరికి ఉండొచ్చు, వాటికి ఈ ట్యూబ్ మీద అంత ప్రేమ ఎందుకో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు. టబ్ ఊగినప్పుడల్లా రేకుకు రాసుకుని అరిగిపోయి కూడా ఉండొచ్చు. ట్యూబ్ బాగుంటే దాన్ని సెన్సర్ నుంచి విడదీసి కింది వైపుకు మెల్లగా ఊదండి. గాలి సాఫీగా వెళ్లకపోతే కింద గాలి గది మూసుకుపోయింది. బోరు నీళ్ల ఇళ్లల్లో సున్నం, సబ్బు పిప్పి కలిసి అక్కడే గట్టిపడతాయి. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు సిరంజితో ట్యూబ్‌లోకి ఎక్కించి, ఓ గంట ఉంచి కడిగేస్తే చాలావరకు వదులుతుంది. సెన్సర్ వైపు మాత్రం పొరపాటున కూడా గట్టిగా ఊదకండి, నోటి ఒత్తిడికి ఆ పొర పాడైపోవచ్చు, అప్పుడు నిజంగానే సెన్సర్ కొనాల్సి వస్తుంది.

ట్యూబ్ మళ్లీ తగిలించేటప్పుడు టబ్‌లో నీళ్లు ఉండకూడదు, ట్యూబ్‌లో తడి కూడా ఉండకూడదు. లేకపోతే లెక్క మొదటి నుంచే తప్పుతుంది. రిపేర్ చేశాక కూడా అదే గొడవ రావడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఇవన్నీ బాగుంటే అప్పుడు సెన్సర్ కనెక్టర్ తీసి చూడండి, పిన్నులకు పచ్చటి చిలుము పట్టి ఉంటే శుభ్రం చేస్తే సరిపోవచ్చు. మల్టీమీటర్ ఉన్నవాళ్లెవరైనా సెన్సర్ పిన్నులు పరీక్షించినప్పుడు ఏ జతకూ కంటిన్యుటీ (కరెంటు దారి తెగలేదనే గుర్తు) రాకపోతే లోపలి కాయిల్ తెగింది, సెన్సర్ మార్చాల్సిందే. అది మార్చినా పీఈ పోకపోతే, వైర్లు కూడా బాగుంటే, బోర్డు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: మాది ఫ్రంట్ లోడ్. నీళ్లు పడుతూనే ఉంటాయి, టబ్ మాత్రం నిండదు. సెన్సర్ పోయిందా?
– మరో పాఠకుడు

జవాబు: డ్రెయిన్ పైపు ఎక్కడ పెట్టారో చూడండి. కిందనున్న నీళ్లు పోయే రంధ్రంలోకి దాన్ని లోతుగా దోపేస్తే, పట్టిన నీళ్లు పట్టినట్టే తమంతట తాముగా జారిపోతాయి. పైపును నేల నుంచి కనీసం రెండడుగుల ఎత్తుకు తీసుకెళ్లి, అక్కడ వంపు తిప్పి కట్టండి.