ఐదు లక్షల మంది చూసిన మందు మా చేనులో ఎందుకు పనిచేయలేదు?

ప్రశ్న: నాలుగెకరాల మిర్చి పెట్టిన. పూతల నల్ల తామర పురుగు కనబడ్డది. యూట్యూబ్‌ల ఒకాయన చెప్పినట్టు ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందు, ఒక బయో మందు, దాంట్లోనే 19-19-19 ఎరువు కలిపి రెండుసార్లు కొట్టిన. ఆ వీడియో ఐదు లక్షల మంది చూసిండ్రు. మొదలు తగ్గినట్టే తగ్గి, పది రోజులకు ఇంకా ఎక్కువైంది. షాపాయన ఒకటి చెప్తుండు, ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) సారు ఇంకోటి చెప్తుండు. ఎవరి మాట వినాలె?
– ఒక రైతు, నెక్కొండ మండలం, వరంగల్ జిల్లా

జవాబు: మీరు రెండు సంగతులు అడిగారు. ముందు చేను సంగతి చూద్దాం, మాట సంగతి తర్వాత.

మూడోసారి ఆ కలయిక కొట్టకండి. ఈ పురుగు గుడ్లు మొక్క కణజాలం లోపల పెడుతుంది. పెద్ద పురుగులు పువ్వు లోపల దాక్కుంటాయి. పిల్ల పురుగు పెద్ద పురుగుగా మారే కోశ దశ నేలలో గడుస్తుంది. మీరు కొట్టిన రోజు బయట తిరుగుతున్నవి చచ్చాయి, అందుకే తగ్గినట్టు కనిపించింది. గుడ్లలోవి, మట్టిలోవి క్షేమంగానే ఉన్నాయి. పది రోజులకు అవన్నీ బయటికి వచ్చేసరికి, వాటిని తినే మిత్రపురుగులు చేనులో మిగల్లేదు. వాటిని మీ మందే చంపింది. కాబట్టి ఎక్కువైందన్న మీ అనుమానం నిజమే.

ఇంకో పని చేయండి. ఆ ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ డబ్బా ఇంట్లో ఉంటే లేబుల్ చదవండి. ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత మోతాదు అని రాసి ఉంటుంది. పంట దగ్గర పత్తి అని ఉంటుంది, మిర్చి ఉండదు. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ఏ మందునైనా పంటవారీగా, పురుగువారీగా పరీక్షించి రిజిస్టర్ చేస్తారు. వీడియో ఆయన ఆ చిన్న అక్షరాలు చదివి ఉంటే మిర్చికి చెప్పేవాడు కాదు. చదివీ చెప్పి ఉంటే అది ఇంకా పెద్ద తప్పు. బయో మందు సీసా కూడా చూడండి. దాని మీద రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా ‘అన్ని పంటలకు, అన్ని పురుగులకు’ అని ఉంటే పక్కన పెట్టేయండి. ఇలాంటి కొన్ని సీసాల్లో పేరు వేప, లోపల మాత్రం రసాయనం ఉంటుంది.

ఈసారి స్పినెటోరం 11.7 ఎస్.సి. ఒక్కటే, ఎకరాకు 180 మి.లీ., 200 లీటర్ల నీటిలో కలిపి పువ్వులు తడిసేలా సాయంత్రం పూట కొట్టండి. సాయంత్రమైతే తేనెటీగలకూ నష్టం తక్కువ. వారం, పది రోజుల తర్వాత పురుగు ఇంకా ఉంటేనే సయాంట్రానిలిప్రోల్ 10.26 ఓ.డి. ఎకరాకు 240 మి.లీ. వాడండి. ఒకే మందు వరుసగా రెండుసార్లు వద్దు. ఏది కొట్టినా, లేబుల్ మీద చెప్పినన్ని రోజులు ఆగాకే కాయ కోయండి. నీలి రంగు జిగురు అట్టలు ఎకరాకు 30 దాకా పెట్టండి. వాటితోనే పురుగు పోదు గానీ ఎంత ఉందో తెలుస్తుంది. యూరియా తగ్గించండి. లేత చిగురు ఎక్కువైతే పురుగుకు పండగే.

ఇక ఎవరి మాట వినాలన్న ప్రశ్న.

ఆ వీడియో ఆయన దొంగ అని నేను అనను. ఆయన చేనులో నిజంగానే తగ్గి ఉండొచ్చు. కానీ మందు కొట్టిన రోజు, వారం తర్వాత రోజు అని రెండు ఫొటోలు పెడితే మందు పనిచేసినట్టు రుజువు కాదు. మధ్యలో ఒక మంచి వాన పడినా తామర పురుగు తగ్గుతుంది, మొక్క కొత్త చిగురు వేస్తుంది. మందు కొట్టని చోట ఏమైందో చూపిస్తేనే తేడా తెలిసేది. ఏ వీడియోలోనూ ఆ భాగం నాకు కనబడలేదు. ఐదు లక్షల మంది చూశారంటే చూశారనే అర్థం, అందులో ఎంతమంది కొట్టారో, ఎంతమంది మీలాగే నష్టపోయారో ఆ అంకెలో ఉండదు. నష్టపోయినవాళ్లు వీడియో తీయరు.

నేనైతే చెప్పేవాడి డిగ్రీ కన్నా ముందు ఒకటి చూస్తాను: మందు పేరు చెప్పే ముందు ఆయన ఏమైనా అడిగాడా? ముడత పైకా, కిందికా? ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికైతే నల్లి. ఇంతకుముందు ఏం కొట్టారు, నాటి ఎన్ని రోజులైంది? ఇవేవీ అడగకుండా చెప్పే సలహా మీ పంట కోసం చెప్పింది కాదు. వీడియో కింద ఆ బయో మందు కొనడానికి ఫోన్ నంబరు ఉంటే, ఎవరి కోసం చెప్పాడో తెలిసిపోతుంది.

షాపాయన సంగతి కొంచెం వేరు. ఆయనా అమ్ముకునేవాడే, పైగా మీ ఉద్దెర ఖాతా ఆయన దగ్గరే ఉంటే వద్దని చెప్పడం మీకూ కష్టమే. కానీ ఆయన రేపు కూడా అదే బజారులో మీకు ఎదురుపడాలి. వీడియో ఆయనకు ఆ ఇబ్బంది లేదు. ఏది కొన్నా బిల్లు మాత్రం తీసుకోండి. ఏఈవో ఏమీ అమ్మరు. ఆయనకు పురుగు విషయంలో సందేహం ఉంటే మీ ఊళ్ల రైతులు కలిసే రైతు వేదిక నుంచే మా లాంటి శాస్త్రవేత్తలతో మాట్లాడించమని అడగండి, అది మీ హక్కు.

మరి శాస్త్రవేత్త మాట? అదీ కళ్లు మూసుకుని నమ్మొద్దు. ఈ నల్ల తామర పురుగును మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. 2021లో అదే పురుగు వరంగల్, ఖమ్మం మిర్చి మీద పడితే కొందరు రైతులు తోటలే పీకేశారు. ఆ సీజన్‌లో మేమూ నేర్చుకుంటూనే ఉన్నాం. రైతు ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేనప్పుడు యూట్యూబ్ వైపు చూడడం ఆయన తప్పు కాదు. నా సొంత తప్పు ఒకటి చెప్తాను. ఒక రైతు వాట్సాప్‌లో ఆకు ఫొటో పంపితే, కిందికి ముడిచింది, నల్లి అని మందు రాశాను. తర్వాత తోటకు వెళ్తే తేలింది, ఆయన ఆకును తిరగేసి ఫొటో తీశాడు. ఉన్నది తామర పురుగు. ఆయన పెట్టిన ఖర్చు వృథా.

నైపుణ్యం అంతా మా దగ్గరే ఉందనీ కాదు. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన వరంగల్ చపాట మిర్చిని ఏటా మంచి కాయలు ఏరి, విత్తనం దాచి నిలబెట్టింది ఇక్కడి రైతులే.

అందుకే మీరే పరీక్ష పెట్టండి. ఈసారి నేను చెప్పిన మందు కొట్టేటప్పుడు ఒక మూలన నాలుగు సాళ్లు కొట్టకుండా వదలండి, కర్ర పాతి గుర్తు పెట్టండి. కొట్టే ముందు, ఐదో రోజు, పదో రోజు రెండు వైపులా పదేసి పువ్వులు తెల్ల కాగితం మీద దులిపి పురుగులు లెక్కపెట్టి రాయండి. తేడా లేకపోతే నా మందు కూడా ఆపేయండి.

ఆ లెక్క కాగితం, కొన్ని పువ్వులు ఒక కవర్‌లో వేసుకుని వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ తీసుకురండి. రాలేకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఎవరికైనా ఫొటో పంపితే మాత్రం, ఆకు పైభాగం ఏదో కింద రాసి పంపండి.