స్పృహ పోతే నిస్పృహ వస్తుందా?

సందేహం: సార్, హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో, నిద్ర సమస్యలు చూసే విభాగంలో పనిచేస్తున్నాను. పగటిపూట నిద్రమత్తు ఎంతుందో కొలిచే ఎప్‌వర్త్ స్కేల్ ప్రశ్నల్ని పేషెంట్ల కోసం తెలుగు చేయమన్నారు. అందులో ‘డోజ్’ (doze, కునుకు) అన్న ఇంగ్లిషు మాటకు ‘అచేతన స్థితిలోకి జారుకోవడం’ అని రాస్తే అందరూ నవ్వుతున్నారు. స్పృహ లేకపోవడాన్ని నిస్పృహ అనొచ్చా? మా అత్తమ్మది సిద్దిపేట, ఆమె ‘సోయి’ అంటుంది. అది రాయొచ్చా?

సమాధానం: నవ్వక ఏం చేస్తారమ్మా! మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో కూర్చున్న పెద్దాయన్ని పట్టుకుని మీరు అచేతన స్థితిలోకి జారుకుంటారా అని అడిగితే, ఆయనకు పక్షవాతం వస్తుందేమోనని టెన్షన్ పట్టుకుంటుంది.

ముందు నిస్పృహ సంగతి. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. స్పృహణీయం అంటే కోరదగినది, నిస్పృహుడంటే కోరికలు వదిలినవాడు, అంటే అక్కడది మెచ్చుకునే మాట. మన దగ్గరికొచ్చేసరికి కోరిక పోవడం కాస్తా ఆశ పోవడమై, నిరాశతో జంట కట్టి ‘నిరాశా నిస్పృహలు’ అయింది. స్పృహ మాత్రం వేరే దారి పట్టి, ఒంటిమీద తెలివి ఉండటం అనే అర్థంలో స్థిరపడిపోయింది. కాబట్టి కళ్లు తిరిగి పడిపోయినవాణ్ణి ‘నిస్పృహలో ఉన్నాడు’ అని రాస్తే కేసు సైకియాట్రీకి వెళ్తుంది.

కోరిక తెలివిగా ఎలా మారిందంటారా, నా ఊహ చెప్తాను, ఊహే సుమా. మనసు దేన్ని కోరుకుంటే దాని మీదే తెలివి నిలుస్తుంది. 1959లో నెవిల్ మోరే అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండు చెవుల్లో రెండు రకాల మాటలు వినిపించి, ఒక చెవిలోవే శ్రద్ధగా విని పైకి చెప్పమన్నాడు. రెండో చెవిలో పడినవి దాదాపుగా ఎవరికీ గుర్తు లేవు, కానీ అందులోనే తమ పేరు వినబడితే మాత్రం మూడోవంతు మంది దాకా పట్టేశారు. మరుసటి ఏడాది ఇంకొందరు పరిశోధకులు నిద్రపోతున్నవాళ్లకు పేర్లు వినిపిస్తే, పరాయి పేర్ల కంటే సొంత పేరుకు మెదడు ఎక్కువగా స్పందించింది. నిద్ర అంటే తలుపులన్నీ మూసేయడం కాదన్నమాట. అందుకే నిద్రపోయినవాణ్ణి ‘స్పృహ తప్పాడు’ అని మనమెవరమూ అనం. నిద్రపోయినవాడు పిలిస్తే లేస్తాడు, స్పృహ తప్పినవాడు లేవడు, అంతే తేడా.

ఇక సోయి. మీ అత్తమ్మ మాట నూటికి నూరుపాళ్లు సరైనది. ‘సోయి దప్పి పడిపోయిండు’ అంటే స్పృహ తప్పాడని. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే ‘సోయి యాడుంది బిడ్డా’ అన్నారనుకోండి, అది స్పృహ గురించి కాదు, ధ్యాస గురించి. పాఠ్యపుస్తకాల్లో చైతన్యం, అవధానం అని విడదీసి చెప్పే రెండింటినీ ఆ ఒక్క మాటే మోస్తుంది. ఇంటి మాటగా అది గొప్పే, ఫారంలో మాత్రం చిక్కు. సోయి తప్పుతోందని పేషెంటు చెప్తే, పడిపోయాడా, పరధ్యానంగా ఉన్నాడా అని మీరు మళ్లీ అడుక్కోవాలి. నోటితో అడిగేటప్పుడు నిస్సంకోచంగా వాడండి, రాతలో ‘స్పృహ’, ‘ధ్యాస’ అని విడిగా పెట్టండి.

అసలు చిక్కంతా ‘డోజ్’తోనే. మన భాషలో నిద్ర వస్తుంది, పడుతుంది, పోతాం, తీస్తాం, ఏదీ ఇంకోదానికి బదులు రాదు. నిద్ర వచ్చినా పట్టకపోవచ్చు, నిద్రలేమితో మీ దగ్గరికొచ్చేవాళ్ల గోడు అదే కదా. కునుకు తీయడం మన ఇష్టంతో చేసే పని, ఆదివారం మధ్యాహ్నం నేనూ తీస్తాను. కునుకు పట్టడం మన చేతిలో లేనిది. 1991లో మెల్‌బోర్న్‌లో ముర్రే జాన్స్ తయారుచేసిన ఆ స్కేల్ కొలిచేది ఈ రెండోదాన్నే. అలసటను కాదు, వద్దనుకున్నా కునుకు పట్టే అవకాశం ఎంతో చూస్తుంది. ఎనిమిది సందర్భాలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 24. కాబట్టి ‘కునుకు తీస్తారా’ అని రాశారంటే, కావాలని పడుకునేవాళ్లు కూడా 3 వేసుకుని కూర్చుంటారు, లెక్క మొత్తం తప్పుతుంది. ‘నిద్ర వస్తుందా’ అన్నా కుదరదు, ఆవలింతలు కూడా అందులోకి వచ్చేస్తాయి. కునికిపాట్లు అంటే తల ముందుకి తూలడం, పడుకుని ఉన్నవాడికి అది అతకదు.

‘కూర్చుని ఎవరితోనైనా మాట్లాడుతుండగా మీకు కునుకు పట్టే అవకాశం ఎంత?’ అని రాయండి, మిగతా ఏడూ ఇదే మూసలో పోతాయి. ట్రాఫిక్‌లో కారు కొన్ని నిమిషాలు ఆగినప్పుడు అనే ప్రశ్న కూడా ఉంది చూడండి, ఆ ‘కొన్ని నిమిషాలు’ మాత్రం కొట్టేయకండి, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినవాడు గంట అనుకుని జవాబు చెప్తాడు.