తారల ఆటల గురించి రాయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

సినీ తారలు జట్లుగా ఆడే సెలబ్రిటీ క్రికెట్ లీగ్ (సీసీఎల్) మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. సినిమా వాళ్ల ఆటలో నైపుణ్యం తక్కువ కాబట్టి టీవీ ప్రేక్షకుడు ఎక్కువసేపు నిలవడన్నది నీ వాదన. భాష మీద నీకు పట్టు ఉంది, కానీ ఆ కారణాన్ని నేను ఒప్పుకోలేను. మనిషిని కూర్చోబెట్టేది ఆట స్థాయి ఒక్కటే అయితే, ఊళ్లో టెన్నిస్ బంతితో జరిగే సంక్రాంతి టోర్నమెంటు చూడటానికి అంతమంది జనం ఎండలో నిలబడరు.

ఒక పాత ఉదంతం చెబుతాను. 1976లో అమెరికాలో ఏబీసీ ఛానెల్ ‘బ్యాటిల్ ఆఫ్ ది నెట్‌వర్క్ స్టార్స్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ అనే మూడు ఛానెళ్ల ధారావాహికల్లో నటించేవాళ్లు మూడు జట్లుగా విడిపోయి ఈత, పరుగు, తాడులాగుడు వంటి పోటీల్లో తలపడేవారు. మొదటి పోటీలోనే రిలే పరుగు దగ్గర ఎన్‌బీసీ జట్టుకు నిబంధన తప్పారని పెనాల్టీ పడింది. ఆ జట్టు నాయకుడు రాబర్ట్ కాన్రాడ్ సాహస పాత్రలకు పేరుపడ్డ దృఢకాయుడు. ఆయన నిజంగానే కోపంతో ఊగిపోయి, నిర్వాహకులతో వాదించి, ఏబీసీ నాయకుడు గేబ్ కాప్లాన్‌ను ‘ఇద్దరమే పరుగెత్తి తేల్చుకుందాం’ అని సవాలు చేశాడు. కాప్లాన్ హాస్యనటుడు, చూపులకు క్రీడాకారుడిలా ఉండడు. పరుగు మొదలైంది, కాప్లాన్ స్పష్టంగా గెలిచాడు. వాళ్లిద్దరిలో ఎవరూ గొప్ప పరుగువీరులు కారు. అయినా ఆ కార్యక్రమం ప్రస్తావన వస్తే ఇప్పటికీ ముందుగా చెప్పుకునేది ఆ పరుగు గురించే. తెర మీద ఎప్పుడూ గెలిచే మనిషి, ఎవరూ రాసిపెట్టని చోట, తనకు ఇష్టం లేకుండా ఓడిపోవడాన్ని జనం చూశారు.

బ్రిటన్‌లో అదే ఏడాది, వేర్వేరు క్రీడల ఆటగాళ్లు తమవి కాని ఆటల్లోనూ తలపడే ‘సూపర్‌స్టార్స్’ పోటీలో ఫుట్‌బాల్ ఆటగాడు కెవిన్ కీగన్ సైకిల్ పందెంలో పడిపోయాడు. వీపు చర్మం గీరుకుపోయినా ఆగకుండా మళ్లీ జరిపిన పందెంలో పాల్గొన్నాడు. సైకిల్ తొక్కడం ఆయన వృత్తి కాదు కాబట్టే ఆ పట్టుదల అంతగా కనిపించింది.

అయితే ఇదే అమెరికన్ కార్యక్రమాన్ని 2017లో తిరిగి తెచ్చినప్పుడు ఒక్క సీజన్‌తో ముగిసిందన్న సంగతి కూడా నువ్వు లెక్కలోకి తీసుకోవాలి. 1976లో నటుణ్ణి పాత్ర బయట చూసే అవకాశం ప్రేక్షకుడికి అరుదుగా దొరికేది. ఇప్పుడు ఆ నటుడే జిమ్‌లో చేసే కసరత్తు నుంచి ఇంట్లో తినే భోజనం దాకా అన్నీ ఫోన్‌లో చూపిస్తున్నాడు. కాబట్టి ముఖం చూపించి మాత్రమే ఇవాళ ఎవరూ జనాన్ని నిలబెట్టలేరు. నీ వ్యాసానికి అసలు బలం ఇక్కడ దొరుకుతుంది, నువ్వేమో దీన్ని ముట్టుకోలేదు. 2006లో మొదలై, పిల్లల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ యూనిసెఫ్ కోసం బ్రిటన్‌లో జరిగే తారల ఫుట్‌బాల్ మ్యాచ్ ‘సాకర్ ఎయిడ్’ ఇప్పటికీ బతికి ఉండటానికి, అది ఒకే సాయంత్రం జరిగే ఒకే మ్యాచ్ కావడం, మాజీ ఆటగాళ్లు కూడా కలిసి ఆడటం ముఖ్య కారణాలని నా అభిప్రాయం.

ఇక మన సీసీఎల్ సంగతి. 2011లో నాలుగు జట్లతో మొదలైన ఈ లీగ్‌కు పెద్ద ఆస్తి, జట్లు సినీ పరిశ్రమల వారీగా ఏర్పడటం. 2023లో విశాఖపట్నంలో భోజ్‌పురి దబాంగ్స్‌ను ఓడించి తెలుగు వారియర్స్ నాలుగోసారి కప్పు గెలిచినప్పుడు, అది మన జట్టు గెలుపని అనుకున్నవాళ్లలో ఎందరో ఆ ఆటగాళ్లందరి పేర్లూ చెప్పలేనివాళ్లే. ఆ సీజన్‌లో ఒక్కో జట్టు పదేసి ఓవర్లు రెండుసార్లు ఆడేలా పద్ధతి మార్చారు. నా దృష్టిలో అది మంచి నిర్ణయం, ఎందుకంటే మధ్య ఓవర్లలో ఆట చప్పబడే సమయం తగ్గుతుంది. నష్టం చేసేది వేరే ఉంది. పోస్టర్ మీద కనిపించే పెద్ద హీరో డగౌట్‌లో కూర్చుంటే, బంతి గాలిలో ఉండగా కెమెరా స్టాండ్స్‌లో నవ్వుతున్న అతిథి వైపు తిరిగితే, ఇది ఆట కాదు, వేడుక అని ప్రసారమే ఒప్పుకున్నట్టు అవుతుంది. అలాంటప్పుడు రిమోట్ నొక్కినవాణ్ణి తప్పుపట్టలేం. సంగీత దర్శకుడు తమన్ బంతి అందుకుని ఒళ్లు దాచుకోకుండా బౌలింగ్ చేస్తున్నప్పుడు మాత్రం ఆ అనుమానం రాదు, ఎందుకంటే వికెట్ ఆయనకు నిజంగా కావాలి.

నువ్వు వ్యాసం తిరగరాసే ముందు ఒక పూర్తి మ్యాచ్ చూడు, హైలైట్స్ కాదు. ఎవరు ఏ క్షణంలో గెలవాలని తపించారో, కెమెరా ఎప్పుడు ఆటను వదిలిందో, పక్కనున్న మీ ఇంట్లోవాళ్లు ఎప్పుడు లేచి వెళ్లారో కాగితం మీద రాసుకో. ప్రారంభోత్సవంలో ఎవరెవరు కనిపించారన్న జాబితాను పూర్తిగా తీసెయ్యి. ‘ప్రేక్షకులు ఇష్టపడరు’ అని రాసిన ప్రతిచోటా, ఏ ప్రేక్షకుడు, ఏ ఓవర్ దగ్గర, ఏది చూసి విసుగుపడ్డాడో చెప్పగలిగితే ఆ వాక్యం ఉంచు, లేకపోతే కొట్టెయ్యి. కొత్త ప్రతి సిద్ధమయ్యాక పంపు, నేను చదువుతాను.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు